స్వరాల అచ్చుపని: లిలీపాండ్‌ను సోర్స్ కోడ్ నుంచి కట్టుకోవడం

2019 అక్టోబరులో ఆపిల్ సంస్థ మ్యాక్ కంప్యూటర్లకు కాటలీనా అనే కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌ను విడుదల చేసింది. ఇకమీదట 64 బిట్ల ప్రోగ్రాములే నడుస్తాయి, 32 బిట్లవి నడవవు అన్నది అందులోని పెద్ద మార్పు. ఆ దెబ్బకు ఆగిపోయిన వాటిలో లిలీపాండ్ ఒకటి. సంగీతాన్ని ఐదు గీతల స్టాఫ్ నొటేషన్‌లో అచ్చువేయడానికి ఎన్నో దేశాలవాళ్ళు వాడుకునే ఉచిత సాఫ్ట్‌వేర్ అది. అధికారికంగా మ్యాక్ కోసం అప్పటికి తయారుగా ఉంచినది 32 బిట్ల ప్రతి. సిస్టమ్ అప్‌డేట్ చేసుకున్నవాళ్ళ దగ్గర మర్నాడు అది తెరుచుకోలేదు.

అయినా మ్యాక్‌ల మీద లిలీపాండ్ బతికే ఉంది. సోర్స్ కోడ్ దించుకుని, తమ యంత్రం మీదే 64 బిట్ల ప్రోగ్రాముగా కంపైల్ చేసుకున్నవాళ్ళు తమ స్కోర్లు తాము అచ్చు తీసుకుంటూనే ఉన్నారు. మ్యాక్‌పోర్ట్స్ అనే సామూహిక ఏర్పాటు అదే పనిని మిగిలినవాళ్ళకు సులువు చేసింది. సోర్స్ చేతిలో ఉండి, దాన్ని కట్టడం తెలిసినవాళ్ళు కొందరైనా ఉంటే ఒక ప్రోగ్రాము ఎన్ని గండాలైనా గట్టెక్కుతుంది. ఆ కట్టడం ఎలా జరుగుతుందో తెలుసుకోవడం ఇంజినీర్లకు ఎంత అవసరమో సంగీతకారులకూ అంతే అవసరమని నా గట్టి నమ్మకం.

సంగీతాన్ని అచ్చు వేయడం ఎందుకు కష్టం

1501లో వెనిస్‌లో ఒట్టావియానో పెట్రూచ్చి విడి అచ్చులు పేర్చి బహుస్వర సంగీత గ్రంథాన్ని ముద్రించాడు. ఆ తర్వాతి శతాబ్దాల్లో యూరప్‌లో లోహపు రేకుల మీద చెక్కే పద్ధతి స్థిరపడింది. తగరం, సీసం కలిసిన మెత్తటి రేకు మీద ఐదు మొనల పనిముట్టుతో ఒక్కసారే ఐదు గీతలు గీస్తారు. నోటు తలలు, క్లెఫ్‌లు, షార్ప్, ఫ్లాట్ గుర్తులు చెక్కిన ఉక్కు పంచ్‌లను సుత్తితో కొట్టి రేకులో దించుతారు. అంతా అద్దంలో ప్రతిబింబంలా, కుడి ఎడమలు తారుమారుగా చేయాలి. పని నేర్చుకోవడానికి ఏళ్ళు పట్టేది. జర్మనీలోని లైప్‌సిగ్ నగరం ఈ వృత్తికి పేరుమోసింది.

ఆ చెక్కుడుపనివాళ్ళకు తెలిసినవి చాలావరకు ఎక్కడా రాసిపెట్టి లేవు. నోటు తలకు కుడివైపు నుంచి పైకి లేచే కాడ, పక్క నోటుకు ఎడమవైపు నుంచి కిందికి దిగే కాడ ఒకదాని పక్కన ఒకటి పడితే, కొలతలో దూరం సమానమే అయినా కంటికి ఇరుకుగా కనిపిస్తుంది. వరుస తిరగబడి, దిగే కాడ ముందు, లేచే కాడ వెనక వస్తే వదులుగా అనిపిస్తుంది. అందుకని పాత పనివాళ్ళు ఒకచోట జాగా కాస్త పెంచి, ఇంకోచోట కాస్త తగ్గించేవాళ్ళు. నిడివి రెట్టింపయిన నోటుకు జాగా రెట్టింపు ఇవ్వరు, కొంత మేరకే పెంచుతారు. వాయించేవాడి చూపు తడబడకుండా లైను సాగిపోవడానికి ఇవన్నీ కావాలి. చీకటి వేదిక మీద, చిన్న దీపం వెలుగులో, మూరెడు దూరం నుంచి చదవాల్సిన కాగితం అది. మన సినిమా రికార్డింగుల్లో స్టాఫ్ నొటేషన్ చూసి వాయించే వయొలిన్ బృందాలను అడిగితే, పేజీ బాగుంటే పని ఎంత తేలికో వాళ్ళే చెబుతారు.

కంప్యూటర్ వచ్చాక ఈ నేర్పు చాలాచోట్ల పలచబడింది. గీతలు నిక్కచ్చిగా వచ్చాయి, పేజీ మాత్రం బిగుసుకుపోయింది. ఆ లోటు చూసి కలత చెందిన ఇద్దరు డచ్ యువకులు హాన్-వెన్ నీన్‌హౌస్, యాన్ న్యూవెన్‌హౌజెన్ 1996లో లిలీపాండ్ మొదలుపెట్టారు. అంతకుముందు డోనాల్డ్ క్నూత్ రూపొందించిన టెక్ అనే అక్షరముద్రణ వ్యవస్థ మీద ఆధారపడి ఒక ప్రయత్నం చేసి, అది చాలక కొత్తగా ఆరంభించారు. 1998లో 1.0 వెర్షన్ వచ్చింది. చేతితో చెక్కిన పాత జర్మన్ ప్రచురణలను ముందు పెట్టుకుని, ఆ పనివాళ్ళ కంటికి తెలిసిన నియమాలను ఒక్కొక్కటిగా ప్రోగ్రాములోకి ఎక్కించడమే వాళ్ళు పెట్టుకున్న లక్ష్యం.

లిలీపాండ్‌లో మౌస్‌తో నోట్లు పెట్టే తెర లేదు. సంగీతాన్ని మామూలు అక్షరాలతో టైపు చేయాలి. ఉదాహరణకు మనవాళ్ళు సంగీతం నేర్చుకోవడం మొదలుపెట్టే మాయామాళవగౌళ సరళీ వరుసనే తీసుకుందాం. షడ్జమం సి దగ్గర పెడితే ఫైలులో పడేది ఇంతే: సి, డెస్, ఇ, ఎఫ్, జి, ఏఎస్, బి, పై సి. డచ్ అలవాటు ప్రకారం ఫ్లాట్‌కు ఎస్, షార్ప్‌కు ఇస్ చేరుతుంది. మొదటి నోటు పక్కన 4 అని పెడితే అక్కడినుంచి అన్నీ పావు నోట్లు. ఆ ఫైలును లిలీపాండ్‌కు ఇస్తే, క్లెఫ్ వేసి, బార్ గీతలు గీసి, డి, ఏ ల ముందు ఫ్లాట్ గుర్తులు తానే పెట్టి పీడీఎఫ్ చేతిలో పెడుతుంది. ఇంకో ముచ్చటైన సంగతి ఉంది. పాశ్చాత్య కీ సిగ్నేచర్లలో ఏ, డి రెండే ఫ్లాట్‌గా ఉండేది ఏదీ లేదు, బి ఫ్లాట్‌తో వరుస మొదలవ్వాలి. లిలీపాండ్‌కు మాత్రం ఒకటో మెట్టు ఫ్లాట్, ఐదో మెట్టు ఫ్లాట్ అని (సి ని సున్నాగా లెక్కపెట్టి) ఒక్క పంక్తిలో చెబితే, ఆ రెండు గుర్తులే లైను మొదట్లో నిలబడతాయి. మాయామాళవగౌళకు సొంత కీ సిగ్నేచర్ దొరికినట్టే.

లైన్లు విరిచే లెక్క చూస్తే ఈ ప్రోగ్రాము లోపల ఎంత పని జరుగుతుందో అర్థమవుతుంది. 32 బార్ల చిన్న పాటకు మధ్యలో 31 బార్ గీతలుంటాయి. ఒక్కొక్కదాని దగ్గర లైను విరవచ్చు, విరవకపోవచ్చు. అంటే 214 కోట్లకు పైగా మార్గాలు. అన్నిటినీ ఒక్కొక్కటిగా గీసి చూడటం కుదరని పని. చిన్న భాగాలకు దొరికిన మంచి జవాబులను దాచుకుని, వాటితో పెద్ద భాగాలకు జవాబు కట్టే గణిత పద్ధతితో, పాట మొత్తాన్ని ఒకేసారి దృష్టిలో పెట్టుకుని ఏ విరుపు అన్ని లైన్లకూ నప్పుతుందో తేలుస్తుంది. టెక్ వ్యవస్థ పేరాలను విరిచేదీ ఈ ఆలోచనతోనే.

మూలం నుంచి యంత్రం దాకా

మనం రోజూ దించుకునే ప్రోగ్రాములు ఎవరో ఎక్కడో కంపైల్ చేసి పెట్టినవి. ప్రాసెసర్‌కు నేరుగా అర్థమయ్యే అంకెల వరుసలవి. మనిషి చదివి మార్చగలిగిన రూపం సోర్స్ కోడ్. దాన్ని యంత్రభాషలోకి దించడమే కంపైల్ చేయడం. లిలీపాండ్ జీపీఎల్ లైసెన్సు కింద వస్తుంది కాబట్టి దాని సోర్స్ ఎవరైనా తీసుకోవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు. ఇప్పుడది సోర్స్ కోడ్ పంచుకునే గిట్‌ల్యాబ్ సైటులో ఉంటోంది. విడుదలైన వెర్షన్ల సోర్స్ మూటలు ప్రాజెక్టు సైటులోనూ దొరుకుతాయి. వెర్షన్ సంఖ్యలో చుక్క తర్వాతి అంకె సరి సంఖ్య అయితే స్థిరమైన విడుదల, బేసి అయితే ఇంకా పని జరుగుతున్నది. మొదటిసారి కట్టేవాళ్ళు 2.24 లాంటి సరి సంఖ్యనే పట్టుకోవాలి.

మూట విప్పితే లోపల చాలా డైరెక్టరీలు కనిపిస్తాయి. లిలీ అనే దాంట్లో సి ప్లస్ ప్లస్‌లో రాసిన అసలు యంత్రాంగం ఉంటుంది, వందల ఫైళ్ళు. కాడల పొడవు ఒక ఫైలు, నోట్లను కలిపే అడ్డపట్టీల వాలు ఇంకో ఫైలు, స్లర్ల వంపు మరొకటి. ఎస్‌సీఎం అనే దాంట్లో స్కీమ్ భాషలో రాసిన నియమాలు, ఎంఎఫ్ అనే దాంట్లో సంగీత గుర్తుల బొమ్మలు ఉంటాయి. పని మొదలుపెట్టే ముందు ఒక పూట వీటిని ఊరికే తిరగేయమని చెబుతాను. కోడ్ రాకపోయినా ఫర్వాలేదు. ఒక కళకు సంబంధించిన జ్ఞానాన్ని ఎలా విడదీసి పేర్చారో చూస్తేనే సగం బెరుకు పోతుంది.

ఇక కట్టడం. ఇందుకు అన్నిటికంటే అనువైనది లినక్స్. విండోస్ వాళ్ళు విండోస్ లోపలే లినక్స్‌ను నడిపే డబ్ల్యూఎస్ఎల్ ద్వారా గానీ, వర్చువల్ మెషీన్ పెట్టుకుని గానీ లినక్స్‌లోనే చేయడం మేలు. విండోస్ కోసం అధికారికంగా ఇచ్చే ప్రతిని కూడా లినక్స్ మీదే తయారుచేస్తారు.

మొదటి మెట్టు కాన్ఫిగర్ అనే స్క్రిప్టు. పెళ్ళివంటకు దిగే ముందు వంటమేస్త్రి సామాన్ల గదిలోకి వెళ్ళి బియ్యం ఉందా, నెయ్యి చాలుతుందా, గుండిగలు వచ్చాయా అని చీటీ పట్టుకుని చూసుకున్నట్టు, ఈ స్క్రిప్టు మన కంప్యూటర్‌ను ఒక్కొక్కటే అడుగుతుంది. సి ప్లస్ ప్లస్ కంపైలర్ ఉందా? టైపు చేసిన సంగీతాన్ని చదివే భాగాన్ని పుట్టించడానికి బైసన్, ఫ్లెక్స్ ఉన్నాయా? స్కీమ్ భాషను నడిపే గైల్ ఉందా, ఉంటే ఏ వెర్షన్? అక్షరాలు పేర్చే పాంగో, ఫాంట్లు వెతికే ఫాంట్‌కాన్ఫిగ్, ఫాంట్లు చదివే ఫ్రీటైప్? గుర్తులు గీసే మెటాపోస్ట్, వాటిని ఫాంటుగా కూర్చే ఫాంట్‌ఫోర్జ్? పైథాన్? పీడీఎఫ్ తయారీకి ఘోస్ట్‌స్క్రిప్ట్? టెర్మినల్ మీద ఒక్కో ప్రశ్న, దాని పక్కన ఉంది లేదా లేదు అన్న జవాబు గబగబా దొర్లిపోతాయి.

ఇక్కడే కొత్తవాళ్ళు తెల్లబోయే ఘట్టం వస్తుంది. ఎన్నాళ్ళుగానో కంప్యూటర్‌లో ఉన్న పాంగోను పట్టుకుని కాన్ఫిగర్ లేదంటుంది. అది తప్పు చెప్పడం లేదు. ఒక లైబ్రరీ రెండు ముక్కలుగా వస్తుంది. తయారైన ప్రోగ్రాములు నడవడానికి కావలసిన ముక్క ఒకటి. కొత్త ప్రోగ్రామును కంపైల్ చేసేటప్పుడు ఆ లైబ్రరీలో ఏ ఫంక్షన్లున్నాయో, వాటిని ఎలా పిలవాలో చెప్పే హెడర్ ఫైళ్ళ ముక్క ఇంకొకటి. లినక్స్ పంపిణీలు చోటు కలిసొస్తుందని రెండోదాన్ని విడిగా ఉంచుతాయి. డెబియన్, ఉబుంటులలో ఆ ప్యాకేజీ పేరు చివర డెవ్ అని, ఫెడోరాలో డెవెల్ అని ఉంటుంది. పేరు చివర ఆ మాట ఉన్న ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేసుకుంటే సగం ఇబ్బందులు అక్కడే తీరిపోతాయి. డెబియన్ కుటుంబంలో ఇంకా దగ్గరి దారి ఉంది. సోర్స్ ప్యాకేజీల జాబితాను ఆన్ చేసి, ఆప్ట్ కమాండుకు బిల్డ్-డెప్ అని చెప్పి లిలీపాండ్ పేరిస్తే, కట్టడానికి కావలసినవన్నీ ఒక్క విడతలో దిగుతాయి.

లిలీపాండ్ కాన్ఫిగర్‌లో నాకు నచ్చే గుణం ఒకటుంది. ఒక్క వస్తువు లేదనగానే ఆగిపోదు. చివరిదాకా అన్నీ చూసుకుని, లేనివన్నీ కలిపి ఒకే జాబితాగా ఇస్తుంది. ఆ జాబితా చూసుకుని తెచ్చిపెట్టి మళ్ళీ నడిపితే సరిపోతుంది.

మంచి అలవాటు ఇంకొకటి చెప్పాలి. సోర్స్ డైరెక్టరీలోనే కట్టకుండా పక్కన బిల్డ్ అని ఖాళీ డైరెక్టరీ పెట్టుకుని అందులోంచి కాన్ఫిగర్ నడపండి. తయారయ్యే వేల ఫైళ్ళు అక్కడే పడతాయి, మూలం శుభ్రంగా ఉంటుంది. ఏదైనా చెడితే ఆ ఒక్క డైరెక్టరీ తీసేసి మళ్ళీ మొదలుపెట్టవచ్చు. కాన్ఫిగర్‌కు ప్రిఫిక్స్ అని ఒక మాట చెప్పవచ్చు. ప్రోగ్రాము చివరకు ఎక్కడ స్థిరపడాలో అది నిర్ణయిస్తుంది. ఏమీ చెప్పకపోతే సిస్టమ్ అంతటికీ సంబంధించిన యూఎస్ఆర్ లోకల్‌లోకి పోతుంది, దానికి అడ్మిన్ అనుమతి కావాలి. మీ హోమ్ డైరెక్టరీలోనే ఒక చోటు చూపిస్తే ఎవరి అనుమతీ అక్కరలేదు, సిస్టమ్‌తో వచ్చిన పాత లిలీపాండ్‌కూ దీనికీ తగాదా రాదు, రెండు మూడు వెర్షన్లను పక్కపక్కన ఉంచుకోవచ్చు. మొదటిసారి చేసేవాళ్ళకు హోమ్ డైరెక్టరీయే సరైనది.

తర్వాతి కమాండు మేక్. ఒక్కో సి ప్లస్ ప్లస్ ఫైలూ విడిగా కంపైలై ఆబ్జెక్ట్ ఫైలు అవుతుంది, ఆఖరున లింకర్ వాటన్నిటినీ బయటి లైబ్రరీలతో జతచేసి ఒక్క ప్రోగ్రాముగా బిగిస్తుంది. ఏ ఫైలు మారితే ఏవి మళ్ళీ కంపైల్ చేయాలో మేక్‌కు తెలుసు. ఒక్క ఫైలులో ఒక్క పంక్తి దిద్దితే రెండోసారి ఆ ఫైలు, దాని మీద ఆధారపడినవి మాత్రమే కదులుతాయి. ప్రాసెసర్‌లో నాలుగు కోర్‌లుంటే జె 4 అని చెప్పండి, నాలుగు ఫైళ్ళ పని ఒకేసారి సాగుతుంది. జె పెంచిన కొద్దీ మెమరీ కూడా తింటుంది, పాత ల్యాప్‌టాప్ మీద రెండుతో సరిపెట్టుకోవాలి. హెచ్చరికలు వస్తే కంగారు పడనక్కరలేదు, పని సాగుతుంది. ఎర్రర్ వస్తే ఆగుతుంది. అప్పుడు తెర చివర కనిపించే పంక్తిని పట్టుకుని వేలాడకుండా పైకి జరుపుకుంటూ వెళ్ళి మొట్టమొదటి ఎర్రర్ చదవండి. కింద ఉన్నవి చాలావరకు దాని పిల్లలే.

మేక్ ముగిశాక ఇన్‌స్టాల్ చేయకుండానే, బిల్డ్ డైరెక్టరీలోంచే ప్రోగ్రామును నడిపి చూడవచ్చు. సరళీ వరుస ఫైలు ఇచ్చి పీడీఎఫ్ తీసుకోండి. బాగుంటే మేక్ ఇన్‌స్టాల్. మేక్ డాక్ అని ఇంకో కమాండు ఉంది, అది మార్గదర్శిని పుస్తకాలను పలు భాషల్లో తయారుచేస్తుంది. ఆ పుస్తకాల్లో కనిపించే ప్రతి సంగీత నమూనానూ అప్పుడే కట్టిన లిలీపాండే గీస్తుంది కనుక గంటల పని, మనబోటివాళ్ళకు అవసరం లేదు.

నోటు తల ఎలా పుడుతుంది

మేక్ నడుస్తున్నప్పుడు ఒక దశలో సి ప్లస్ ప్లస్ ఫైళ్ళ పేర్లు ఆగి ఫాంట్ల పేర్లు దొర్లుతాయి. ఈ మొత్తం పనిలో నన్ను కట్టిపడేసేది ఆ దశే. లిలీపాండ్ సంగీత గుర్తుల ఫాంటు పేరు ఎమెంటాలర్. ఆ ఫాంటు బొమ్మల రూపంలో సోర్స్‌లో ఉండదు. డోనాల్డ్ క్నూత్ 1970ల చివర్లో రూపొందించిన మెటాఫాంట్ భాషలో రాసిన సమీకరణాల రూపంలో ఉంటుంది. పావు నోటు తల తెరిచి చూడండి: ఇంత వెడల్పు, ఇంత ఎత్తు, ఇంత వాలు ఉన్న కోడిగుడ్డు ఆకారం. అర నోటు అయితే లోపలి ఖాళీ ఇంకో కోణంలో వాలి ఉండాలి. ఇవన్నీ అంకెలు, నిష్పత్తులు. ఒక అంకె మార్చి మళ్ళీ మేక్ చేస్తే మీ నోట్ల తలలన్నీ మారిపోతాయి.

పైగా ఎమెంటాలర్ ఒకే ఫాంటు కాదు. 11, 13, 14, 16, 18, 20, 23, 26 పాయింట్ల స్టాఫ్ ఎత్తులకు తగినట్టు ఎనిమిది పరిమాణాల్లో విడివిడిగా తయారవుతుంది. పెద్ద గుర్తును ఫొటో కుదించినట్టు కుదిస్తే సన్నగీతలు కాగితం మీద వెలసిపోతాయి. అందుకే జేబు పరిమాణపు స్కోరుకు వాడే చిన్న సైజులో గీతలు ఆ సైజుకు తగినదానికంటే కాస్త లావుగా, గుర్తులు కాస్త బొద్దుగా ఉంటాయి. ఉక్కు పంచ్‌ల కాలంలో పనివాళ్ళ దగ్గర ఒక్కో స్టాఫ్ సైజుకూ ఒక్కో పంచ్‌ల పెట్టె ఉండేది. ఆ పెట్టెలకు మారు ఈ ఎనిమిది ఫాంట్లు. తయారైన ప్రతి దించుకుని వాడేవాళ్ళకు ఈ సంగతి తెలియకుండానే పోతుంది. సోర్స్ నుంచి కట్టేవాళ్ళ కళ్ళెదుట మెటాపోస్ట్ ఆ సమీకరణాలను గీతలుగా మలుస్తుంది, ఫాంట్‌ఫోర్జ్ వాటిని ఓపెన్‌టైప్ ఫాంట్లుగా కూరుస్తుంది.

ఒక ఆధారం కదిలితే

ఇన్ని లైబ్రరీల మీద నిలబడిన ప్రోగ్రాముకు ఒక ప్రమాదం ఎప్పుడూ పొంచి ఉంటుంది. ఆ లైబ్రరీల్లో ఏదో ఒకటి మారుతుంది. లిలీపాండ్ విషయంలో అది గైల్. 2011లో గైల్ 2.0 వచ్చింది. అప్పటిదాకా లిలీపాండ్ గైల్ 1.8 మీద నడిచేది. కొత్త గైల్‌లో అక్షరాలను దాచే పద్ధతి వేరు, వాడిపడేసిన మెమరీని ఊడ్చే పద్ధతి వేరు. ముందుగా బైట్‌కోడ్‌గా మార్చి ఉంచని స్కీమ్ కోడ్ అందులో బాగా నెమ్మదించింది. లిలీపాండ్‌లో నిడివి లెక్కల నుంచి పేజీ శీర్షికల దాకా స్కీమ్ అల్లుకుపోయి ఉంది, కాబట్టి ఒక తీగ లాగితే డొంకంతా కదిలింది. ఈలోగా లినక్స్ పంపిణీలు పాత గైల్‌ను తీసేయడం మొదలుపెట్టాయి. దాన్ని నమ్ముకున్న లిలీపాండ్‌కూ కొన్నిచోట్ల కొంతకాలం చోటు లేకుండా పోయింది. పూర్తిగా గైల్ 2.2 మీదకు మారిన స్థిర వెర్షన్ 2.24 వచ్చేసరికి 2022 డిసెంబరు అయింది. పదకొండేళ్ళు గడిచాయి. జీతమిచ్చే కంపెనీ లేకుండా, ఎక్కువగా తీరిక వేళల్లో పనిచేసే స్వచ్ఛంద కార్యకర్తలు ఓపికగా లాక్కొచ్చిన పని అది. ఆ ఏళ్ళలో పాత గైల్‌ను తామే సోర్స్ నుంచి కట్టుకుని, దాని మీద లిలీపాండ్‌ను కట్టుకున్నవాళ్ళు పాటలు అచ్చువేయడం ఆపకుండా నడిపించారు.

ఇంత మార్పు జరిగినా పేజీ చెడలేదని ఎలా తెలుస్తుంది? సోర్స్‌తో పాటు పరీక్షల కోసం రాసిన చిన్న చిన్న సంగీత ఫైళ్ళు పెద్ద సంఖ్యలో వస్తాయి. ఒకటి స్లర్‌ను పరీక్షిస్తుంది, ఒకటి గ్రేస్ నోట్లను, ఒకటి లైను చివర పడ్డ టైను. మార్పుకు ముందు అన్నిటినీ ఒకసారి అచ్చుతీసి దాచుకుంటారు. మార్పు చేశాక మళ్ళీ తీసి మేక్ చెక్ అంటే, రెండు అచ్చుల మధ్య ఎక్కడ వెంట్రుకవాసి జరిగినా పక్కపక్కన పెట్టి చూపిస్తుంది. ఇక అది మేలో కీడో మనిషి కన్నే తేల్చాలి. అక్కడ లైప్‌సిగ్ పనివాళ్ళ కంటిచూపు మళ్ళీ కావలసి వస్తుంది.

స్కోరు ఫైళ్ళ సంగతీ చెప్పాలి. వెర్షన్లు మారినప్పుడు కొన్ని కమాండ్ల రూపం మారుతుంది. అందుకని ప్రతి ఫైలు మొదట అది ఏ వెర్షన్‌కు రాసిందో ఒక పంక్తి పెట్టమంటారు. కన్వర్ట్-లై అనే స్క్రిప్టు ఆ పంక్తి చూసి పాత ఫైలును కొత్త పద్ధతికి దిద్దుతుంది. ఇరవై ఏళ్ళ కిందట టైపు చేసిన ఫైలు మామూలు అక్షరాల్లోనే ఉంటుంది కనుక, ఏ ఎడిటర్‌లోనైనా తెరిచి చదవవచ్చు. మూతపడ్డ కంపెనీల రహస్య ఫార్మాట్లలో ఇరుక్కుపోయిన స్కోర్లకు ఆ భాగ్యం లేదు.

మన గమకాలు, మన లిపి

లిలీపాండ్‌లో తెలుగు సాహిత్యం ఇప్పటికే చక్కగా పడుతుంది. స్వరాల కింద త్యా, గ, రా, జ అని అక్షరాలను రెండేసి గీతలతో విడదీసి టైపు చేస్తే ఒక్కో అక్షరం ఒక్కో నోటు కింద నిలుస్తుంది. ఒత్తులు, గుణింతాలు సరిగా కూర్చే బాధ్యత పాంగో, దాని వెనక ఉన్న హార్ఫ్‌బజ్ తీసుకుంటాయి. కంప్యూటర్‌లో మండలి, సూరన్న లాంటి ఉచిత తెలుగు ఫాంటు ఒకటి ఉంటే చాలు. లేకపోతే అక్షరాల చోట ఖాళీ డబ్బాలు వస్తాయి.

స్వరాల దగ్గర కథ వేరు. మార్గదర్శినిలో అరబిక్, టర్కిష్, పర్షియన్ సంగీతాలకు ప్రత్యేక ప్రకరణాలున్నాయి, వాటి సూక్ష్మ స్వరాలకు తగిన గుర్తులు ఫాంటులో ఉన్నాయి. ఆ సంగీతాలు తెలిసినవాళ్ళు ముందుకొచ్చి చేర్చినందువల్లే అవి ఉన్నాయి. కర్ణాటక సంగీతానికి అలాంటి ప్రకరణం లేదు. ఇది నాకు బాధ కలిగించే విషయం, ఎందుకంటే ఈ పనిలో మనకు చాలా గొప్ప వారసత్వం ఉంది. 1904లో ఎట్టయపురంలో సుబ్బరామ దీక్షితులు ప్రచురించిన సంగీత సంప్రదాయ ప్రదర్శినిని చూడండి. తమిళదేశంలో, తెలుగు లిపిలో అచ్చయిన గ్రంథం అది. సీసపు అచ్చులు చేత్తో పేర్చే రోజుల్లో, స్వరాక్షరాల మీద గమక చిహ్నాలు కూడా అచ్చువేయించారు. కంపితానికి అలల గీత, ఎక్కే జారుకు, దిగే జారుకు చెరొక వాలు గీత, స్ఫురితానికి మూడు చుక్కలు. రాగం నోటి నుంచి చెవికి మాత్రమే అందుతుందనుకునే కాలంలో, దాన్ని కాగితం మీదకు దించడానికి ఒక వృద్ధ విద్వాంసుడూ ఒక ముద్రణాలయమూ అంత శ్రమపడ్డారు.

ఆ చిహ్నాలను ఈనాటి స్కోరులోకి తేవడానికి సాంకేతికంగా అడ్డేమీ లేదు. స, రి, గ, మ పేర్లతో స్వరాలు టైపు చేసే ఏర్పాటును స్కీమ్‌లో రాసుకోవచ్చు. ఇటాలియన్, ఫ్రెంచ్, స్పానిష్ పేర్లున్న పట్టిక పక్కనే ఇంకో పట్టిక చేర్చడమే, దానికి కంపైల్ చేయాల్సిన పని కూడా లేదు. గమక చిహ్నాలను ప్రస్తుతానికి స్కోరు ఫైలులోనే గీతలుగా గీసుకోవచ్చు. కానీ అవి ఎనిమిది సైజుల్లోనూ సరైన లావుతో, నోటు తలకూ కాడకూ తగలకుండా కూర్చోవాలంటే ఎమెంటాలర్‌లోకే చేరాలి. అంటే మెటాఫాంట్‌లో కంపితం వంపు ఎంత ఉండాలో సమీకరణం రాసి, మేక్ చేసి, అచ్చు తీసి, ఒక వీణ విద్వాంసుడికి చూపించి, ఆయన పెదవి విరిస్తే మళ్ళీ రాయాలి. ఆ తిరుగుడు సోర్స్ నుంచి కట్టడం వచ్చినవాళ్ళకే సాధ్యం.

తెలుగు ఊళ్ళలో ఇంజినీరింగ్ చదివినవాళ్ళకు కొదవ లేదు. హైదరాబాద్, విజయవాడ, విజయనగరాల్లోనూ, అమెరికాలోని తెలుగు ఇళ్ళలోనూ వయొలినో వీణో నేర్చుకుంటూ కోడ్ కూడా రాసే పిల్లలు ఎంతోమంది ఉన్నారు. మీలో ఎవరికైనా ఈ పని మీద మనసు పోతే, మొదట 2.24 సోర్స్ దించుకుని మీ హోమ్ డైరెక్టరీలో కట్టండి. సరళీ వరుస ఒకటి అచ్చు తీయండి. ఆ తర్వాత ఎంఎఫ్ డైరెక్టరీ తెరిచి, సుబ్బరామ దీక్షితుల చిహ్నాల్లో అన్నిటికంటే సులువైన స్ఫురితంతో మొదలుపెట్టండి. గీయాల్సింది మూడు చుక్కలే. అది కుదిరాక మీ మార్పును గిట్‌ల్యాబ్‌లో ప్రాజెక్టుకు పంపండి.